“చిన్న బండే కదా” అనుకోకండి

(ఆసుపత్రిలో రోగుల బంధువుల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన సమావేశంలో ఒక నర్సింగ్ సిస్టర్ చేసిన ప్రసంగ పాఠం)

వార్డులో మీ వాళ్లను వదిలి కాసేపు ఇక్కడికి వచ్చి కూర్చున్నందుకు సంతోషం. సాయంత్రం మందుల వేళకు ముందే ముగిస్తాను.

ఈ వరండాలో మనం ఎప్పుడూ షుగరు, బీపీ, పిల్లల టీకాలు, టీబీ గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మినీ ప్రొక్లెయిన్ గురించి మాట్లాడదామనుకున్నాను. నర్సమ్మకు ప్రొక్లెయిన్‌తో ఏం పని అని వెనక వరుసలో నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. ఆ బండి నేను నడపను. అయితే దాని కింద పడినవాళ్లకు, దానికీ గోడకూ మధ్య నలిగినవాళ్లకు, అది తవ్విన గోతిలో కూరుకుపోయినవాళ్లకు కట్లు మార్చాను. ఆ బండి సంగతులు నాకు చెప్పింది కూడా వాళ్లే. కాలికి బరువు కట్టించుకుని నెలల తరబడి మంచం మీద ఉన్న ఆపరేటరుకు మాట్లాడడానికి చాలా తీరిక ఉంటుంది.

మీలో కొందరి కొడుకులు, అల్లుళ్లు ఈ పనిలోనే ఉన్నారు. మిగతావాళ్లు కూడా ఇల్లు కట్టుకునేటప్పుడో, సెప్టిక్ ట్యాంకు గుంత తీయించేటప్పుడో, కొబ్బరితోటలో బోదెలు తవ్వించేటప్పుడో ఈ బండిని పిలిపిస్తారు. కాబట్టి ఇది అందరికీ పనికొచ్చే మాటే.

మన ఊళ్లలో తవ్వే బండి ఏదైనా జేసీబీ అనేస్తాం. అది ఒక కంపెనీ పేరు. ప్రొక్లెయిన్ అనే మాట కూడా పొక్లెయిన్ అనే ఫ్రెంచి కంపెనీ పేరు నుంచి వచ్చిందే. నేను చెప్పేది నాలుగు టైర్ల పెద్ద బండి గురించి కాదు. రబ్బరు చైన్ల మీద నడుస్తూ, సందుల్లోకి కూడా దూరే చిన్న బండి గురించి. ఒక టన్ను మొదలుకొని ఆరు టన్నుల దాకా ఉంటుంది.

ఒక తల్లి నాతో అంది, “చిన్న బండే కదా సిస్టరమ్మా, పెద్ద లారీ అయితే భయపడేదాన్ని” అని. ఆమె కొడుకు తుంటి ఎముక విరిగి మా దగ్గర ఉన్నాడు. ఆ “చిన్న” అనే మాటే మనల్ని మోసం చేస్తుంది. పెద్ద ప్రొక్లెయిన్ దగ్గరికి ఎవరూ పోరు. చిన్నదైతే పక్కన నిలబడి బీడీ కాల్చుకుంటారు, పిల్లల్ని తీసుకొచ్చి చూపిస్తారు. మూడు టన్నుల బండి అంటే మూడు చిన్న కార్ల బరువు. మనిషి నడుము దానికి అడ్డే కాదు.

ఇంకో సంగతి. చిన్న బండి పెద్దదానికన్నా తొందరగా పక్కకు ఒరుగుతుంది. దాని పీట ఇరుకు. బకెట్ నిండా తడి మట్టి ఎత్తి, చెయ్యి పూర్తిగా చాపి, పక్కకు తిప్పితే చాలు, అవతలి చైను నేల నుంచి లేస్తుంది. ఏటవాలు నేల మీద అడ్డంగా నడిపినా అంతే. లారీలోకి ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు మరీ ప్రమాదం. ఇనుప ర్యాంపులు సరిగా బిగించకుండా చెక్కలు వేసి ఎక్కించడం చూస్తుంటాం. చెక్క విరిగిందా, బండి మనిషితో సహా కిందికి వస్తుంది.

ఒరిగే క్షణంలో మనిషికి దూకాలనిపిస్తుంది. అది సహజం. కానీ దూకినవాడు ఎక్కువగా బండి పడే వైపే పడతాడు, పైకప్పు ఇనుప కడ్డీ వచ్చి అతని మీదే పడుతుంది. ఆ కడ్డీల చట్రం ఉన్నది లోపల కూర్చున్న మనిషి చుట్టూ కొంచెం చోటు మిగల్చడానికి. ఆ చోటులో మనిషిని పట్టి ఉంచేది సీటు బెల్టు. బెల్టు లేకపోతే చట్రం ఉన్నా లాభం లేదు. తలుపు కింద నుంచి దూరడం లేదని పైకప్పు ఊడదీసి నడిపించే ఓనర్లు కూడా ఉన్నారు. అలాంటి బండి ఎక్కనని చెప్పమనండి మీ వాళ్లను. రోజు కూలి పోతుంది, నిజమే. ఇక్కడ ఒక్క రోజు మంచం ఖర్చెంతో మీకు నేను చెప్పనక్కర్లేదు.

బండి తవ్వేటప్పుడు అందరి కళ్లూ బకెట్ మీదే ఉంటాయి. దెబ్బ తగిలేది మాత్రం చాలాసార్లు వెనక నుంచి. బండి పైభాగం చుట్టూ తిరుగుతుంది కదా, ముందు చెయ్యి ఎడమకు పోతే వెనక బరువు దిమ్మ కుడికి వస్తుంది. అక్కడ ఇంటి గోడో కొబ్బరి చెట్టో ఉండి, మధ్యలో హెల్పరు ఉంటే ఇక చెప్పేదేముంది. కూర్చున్నవాడికి వెనక కనబడదు. కుడి వైపు బూమ్ అడ్డం వస్తుంది. “ఆయన నన్ను చూశాడనుకున్నాను సిస్టరూ” అని మా వార్డులో ఎంతమంది అన్నారో. చూశాడనుకోవడం కాదు. ఆపరేటరు మీ కళ్లలోకి చూసి, బకెట్ నేల మీద ఆనించి, చేతులు లివర్ల మీద నుంచి తీసిన తరువాతే దగ్గరికి వెళ్లాలి. మీ ఇంట్లో పని జరుగుతుంటే చుట్టూ తాడు కట్టించండి. చాపిన చెయ్యి ఎంత దూరం పోతుందో, దానికి ఇంకో నాలుగు బారలు కలిపి కట్టించండి. పిల్లల్ని ఆ రోజు పక్క వీధిలో చుట్టాలింటికి పంపెయ్యండి. పిల్లవాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని లివరు పట్టించే మామయ్యలకు నా తరఫున గట్టిగా చెప్పండి.

అన్నం క్యారేజీ తీసుకెళ్లే అమ్మలకు ఒక మాట. మీరు రాగానే అతను ఇంజను ఆపకుండా ఒక కాలు బయట పెట్టి వంగి అందుకుంటాడు. మెడలో తువ్వాలో, చొక్కా అంచో లివరుకు తగిలితే బండి ఒక్కసారిగా తిరుగుతుంది. సీటుకు ఎడమ పక్క ఒక లాక్ లివరు ఉంటుంది. అది వేస్తే మిగతా లివర్లు ముట్టుకున్నా చెయ్యి కదలదు. బకెట్ దించడం, లాక్ వెయ్యడం, ఇంజను ఆపడం, తాళం తీయడం, ఆ తరువాత దిగడం. ఈ వరుస అతనికి తెలుసు. ఆకలి మీద మరిచిపోతాడు. అందుకని మీరు దూరంగా నిలబడండి, అతనే దిగి రావాలి. పని వేళలో ఫోను కూడా చేయకండి. ఏదైనా ఉంటే అతను భోజనానికి దిగినప్పుడు చెప్పుకోవచ్చు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు, బండి మారినవాళ్లు గమనించవలసినవి రెండున్నాయి. అన్ని బండ్లలో లివర్లు ఒకేలా ఉండవు. కొన్నింటిలో బూమ్ కుడి చేతి లివరుతో లేస్తుంది, కొన్నింటిలో ఎడమ చేతితో. పాత బండికి అలవాటైన చెయ్యి కొత్త బండిలో తప్పు చేస్తుంది. ముందు ఖాళీ స్థలంలో అరగంట ఆడించుకోవాలి. రెండోది, క్యాబిన్ వెనక్కి తిరిగి ఉన్నప్పుడు నడిపే లివరు ముందుకు తోస్తే బండి అతని వీపు వైపు నడుస్తుంది. అందుకే కదిలించే ముందు మట్టి నెట్టే బ్లేడు ఎటుందో చూసుకోవాలి. చాలా బండ్లకు అది ముందు వైపు.

ఇక గోతి సంగతి. మా ఆసుపత్రి దాకా రాకుండానే ప్రాణం పోయేది ఎక్కువగా ఇందులోనే కాబట్టి కొంచెం ఓపికగా వినండి.

ఘనపు మీటరు మట్టి, అంటే పొడుగు, వెడల్పు, లోతు మూడడుగుల చిల్లర ఉండే ముద్ద, సుమారు ఒకటిన్నర టన్ను తూగుతుంది. వాన పడితే ఇంకా ఎక్కువ. అయిదడుగులు దాటి లోతు తవ్విన గోతిలో, పక్కలకు చెక్కలతో ఆపు పెట్టకుండా, లేదా గోడలు ఏటవాలుగా కొట్టకుండా ఎవరూ దిగకూడదు. పైపు అతుకు వెయ్యాలి, రెండు నిమిషాల పనే అంటారు. మట్టి కూలడానికి రెండు నిమిషాలు అక్కర్లేదు. తవ్విన మట్టిని అంచు మీదే పోస్తారు, దాని పక్కనే బండి నిలబెడతారు. ఆ బరువుకు గోడ లోపలికి ఒరుగుతుంది. మట్టిని అంచుకు కనీసం మూడు నాలుగు అడుగుల దూరంలో పోయాలి, లోతు పెరిగితే దూరమూ పెరగాలి. బండి చైన్లు గోతికి సమానంగా కాకుండా, గోతి వైపు ముఖం పెట్టి ఉంటే అంచు జారినప్పుడు వెనక్కి వచ్చేయవచ్చు.

మనిషి ఛాతీ దాకా మట్టిలో కూరుకుపోతే, తల బయటే ఉన్నా ఊపిరి ఆడకపోవచ్చు. ఊపిరి వదిలినప్పుడల్లా ఛాతీ చుట్టూ మట్టి బిగుసుకుంటుంది, మళ్లీ పీల్చడానికి చోటుండదు. బకెట్‌తో తవ్వి తీద్దామనుకోకండి, ఆ పళ్లు మనిషికే తగులుతాయి. తాడు కట్టి లాగకండి, వెన్నెముక పోతుంది. బండి ఇంజను ఆపించి, గుంపును అంచు నుంచి దూరం జరిపి, 108కీ, అగ్నిమాపక శాఖ వాళ్లకు 101కీ ఫోను చేయండి. మిగతా గోడ నిలబడే ఉందనుకుంటేనే ఇద్దరు ముగ్గురు చేతులతో, చిన్న పారలతో ముఖం, ఛాతీ దగ్గర మట్టి ముందు తీయాలి. ఒకరి వెనక ఒకరు దూకి నలుగురూ పోవడం పేపర్లో చదువుతూనే ఉంటాం. పాత సెప్టిక్ ట్యాంకు పగలగొట్టినప్పుడు కూడా ఇంతే. అందులో విషవాయువు ఉంటుంది, ఎంత అవసరమైనా లోపలికి దిగకూడదు.

పైన కరెంటు తీగల గురించి. బూమ్ ఎత్తినప్పుడు ఆపరేటరు కిందికి చూస్తుంటాడు, పైకి కాదు. పొలాల మీదుగా పోయే 11 కేవీ తీగను తాకనక్కర్లేదు, బాగా దగ్గరికి పోయినా కరెంటు గెంతుతుంది. పదడుగుల లోపలికి బండిలో ఏ భాగమూ పోకూడదు, ఇంకా దూరం ఉంటే ఇంకా మంచిది. తీగ కిందే పని తప్పదంటే లైన్‌మన్‌కు చెప్పి ఎల్‌సీ తీయించుకోవాలి. సబ్‌స్టేషన్‌లో సరఫరా ఆపించడమే ఎల్‌సీ. ఓనరు ఫోనులో “కరెంటు లేదులే, కానియ్” అంటే నమ్మవద్దు.

ఒకవేళ తగిలితే లోపలున్నవాడు లోపలే ఉండాలి. వీలైతే బండిని తీగ నుంచి వెనక్కి తెచ్చుకోవాలి. కాలు నేల మీద, చెయ్యి బండి మీద పెట్టాడా, కరెంటు అతనిలోంచి పోతుంది. బండికి మంటలు అంటుకుంటే మాత్రం దూకాలి. రెండు కాళ్లూ దగ్గరగా పెట్టి, బండిని ముట్టుకోకుండా దూకి, కాళ్లు విడదీయకుండా చిన్నగా గెంతుకుంటూ కనీసం ముప్పయి నలభై అడుగులు పోవాలి. చుట్టూ ఉన్నవాళ్లు దగ్గరికి పోకూడదు. ఎండు కర్రతో తోసేద్దామనే పెద్దల మాట ఇంట్లో తీగకు ఏమోగాని, ఇలాంటి తీగకు పనికిరాదు. కర్ర పట్టుకున్నవాడూ పోతాడు. 1912కు ఫోను చేసి సరఫరా ఆపించండి. ఆపేశారని ఖాయంగా తెలిసిన తరువాత, అతనికి ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఆనించి గట్టిగా, నిమిషానికి వందకు తగ్గకుండా నొక్కుతూ ఉండండి. 108 వచ్చేదాకా ఆపవద్దు.

భూమి లోపల కూడా కేబుళ్లు, గ్యాసు గొట్టాలు ఉంటాయి. తవ్వే ముందు ఆ శాఖలవాళ్లను అడగాలి. ఇందుకోసమే 2023లో కేంద్ర ప్రభుత్వం ఫోన్లో ఒక యాప్ కూడా తెచ్చింది, ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అని దాని పేరు.

ఇప్పుడు మీలో చాలామంది విని ఉండని గాయం ఒకటి చెబుతాను. బండి చెయ్యిని కదిలించేది హైడ్రాలిక్ ఆయిలు. ఆ రబ్బరు గొట్టాల్లో ఒత్తిడి కారు టైరులో గాలికన్నా వంద రెట్లు ఉంటుంది. గొట్టానికి సూది మొన అంత చిల్లు పడితే ఆయిలు కంటికి కనబడని దారంలా చిమ్ముతుంది. ఎక్కడ కారుతోందా అని వేలితో తడిమితే ఆ దారం చర్మం లోపలికి దూరిపోతుంది. పైకి చీమ కుట్టినట్టు చుక్క, అంతే. నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. కుర్రవాడు గుడ్డతో తుడుచుకుని పని చేసుకుంటాడు. లోపల ఆయిలు కండరం వెంట పాకి, కొన్ని గంటల్లో వేలు నల్లబడుతుంది. అప్పుడొస్తే వేలు దక్కడం కష్టం. ఇది వెంటనే ఆపరేషను చేసి కడగవలసిన గాయం. చుక్క ఎంత చిన్నదైనా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకువెళ్లి, “హైడ్రాలిక్ ఆయిలు చర్మంలోకి ఎక్కింది” అని ఈ మాటలతోనే చెప్పండి. ఆర్‌ఎంపీ దగ్గర టీటీ ఇంజెక్షను చేయించి ఇంటికి తెచ్చుకోవద్దు. లీకు చూడాలంటే ఇంజను ఆపి, ఒత్తిడి తగ్గించి, అట్టముక్క అడ్డం పెట్టి చూస్తారు. చెయ్యి పెట్టరు.

నడిపేవాడి ఒంటి సంగతి మీ చేతుల్లో ఉంది. రాత్రంతా చేపల చెరువు దగ్గర తవ్వి, పొద్దున్నే ఇంకో పనికి పోయేవాడి కళ్లు తెరిచే ఉంటాయి గాని చూడవు. అతనికి నిద్ర ఇవ్వండి. చుట్టాలొచ్చారని లేపకండి. జలుబుకు వేసుకునే మాత్రలు చాలావరకు మత్తు తెస్తాయి. నొప్పులకు ఇచ్చే కొన్ని మాత్రలూ అంతే. అవి వేసుకున్న రోజు బండి వద్దు. షుగరు మాత్రలు వాడేవారు అన్నం ఆలస్యం చేస్తే కళ్లు తిరుగుతాయి, జేబులో బెల్లం ముక్కో గ్లూకోజు బిళ్లలో ఉంచుకోవాలి. వేసవిలో ఏసీ లేని ఆ రేకు కప్పు కింద ఒళ్లు ఎంత కాలిపోతుందో ఊహించుకోండి. గంటకోసారి దిగి నీళ్లు, మజ్జిగ తాగాలి. అలా దిగడం వల్ల నడుముకూ మంచిదే. మందు తాగి ఎక్కడం గురించి నేను వేరే చెప్పను, ఇంట్లో ఆడవాళ్లకు నాకన్నా బాగా తెలుసు.

ఇంత చేసినా ప్రమాదం జరిగితే, మా క్యాజువాలిటీకి వచ్చేటప్పుడు మీరు ఏం తెస్తారన్నది ముఖ్యం. మనిషిని నలుగురూ చేతులూ కాళ్లూ పట్టుకుని ఆటోలో మడిచి తేకండి. మెడ, నడుము కదలకుండా పలక మీదో, తలుపు చెక్క మీదో పడుకోబెట్టాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టుకోండి, తీసి తీసి చూడకండి. కాఫీ పొడి, పసుపు, సున్నం వద్దు. వేలు తెగిపడితే తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసులో ఉంచి తీసుకురండి. ఐసు నేరుగా తగిలితే ఆ వేలు పనికిరాదు.

కాలు బండి కిందో మట్టి కిందో ఇరుక్కుంటే, ఎన్ని గంటలకు ఇరుక్కున్నాడో, ఎన్నింటికి తీశారో రాసి పెట్టుకోండి. ఎక్కువ సేపు నలిగిన కండరంలోంచి వచ్చే విషపదార్థాలు బయటికి తీసిన తరువాతే ఒంట్లోకి పోయి గుండెనూ, కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. అప్పటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఉన్నట్టుండి తగ్గిపోతాడు. మూత్రం టీ డికాక్షను రంగులో వస్తే వెంటనే మాకు చెప్పాలి. ఆ టైము కాగితం ఒక్కటి ఉంటే డాక్టరు గారికి సగం దారి తెలిసినట్టే.

చివరిగా, మీకు ఇబ్బందిగా ఉన్నా చెప్పక తప్పని సంగతి. ఓనరు వెంట వచ్చి, “బాత్రూములో జారిపడ్డాడని చెప్పండి, ఖర్చు నేను చూసుకుంటా” అంటాడు. మీరు భయపడి అలాగే చెబుతారు. జారిపడినవాడికి మేము ఒక రకంగా చూస్తాం, మూడు టన్నుల కింద నలిగినవాడికి ఇంకో రకంగా చూస్తాం. కడుపులో రక్తం కారుతుందేమో అని వెతకాలంటే మాకు నిజం తెలియాలి. రెండోది, పనిలో దెబ్బ తగిలితే యజమాని నష్టపరిహారం ఇవ్వాలన్నది 1923 నుంచీ మన దేశంలో చట్టంలో ఉన్న హక్కు. కేసు షీటులో జారిపడ్డాడని రాసి ఉంటే, రేపు మీరు ఏ ఆఫీసుకు వెళ్లినా ఆ కాగితమే అడ్డం వస్తుంది. మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమని మీరే అడగండి. పోలీసులకు సమాచారం పోతుంది, దానికి భయపడవలసింది మీరు కాదు. అడ్మిషను కాగితాలు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి సమ్మరీ అన్నీ ఒక కవరులో దాచండి, ఓనరు చేతికి అసలు కాగితాలు ఇవ్వకండి, జిరాక్సు ఇవ్వండి.

ఇక ఇంటికి వెళ్లేవాళ్లు, ఎముక అతికిందని డాక్టరు గారు ఎక్స్‌రే చూసి చెప్పేదాకా బండి ఎక్కకూడదు. చైను బండి కుదుపు ప్లేటు వేసిన ఎముకకు మంచిది కాదు. ఎవరికైనా అడగాలని ఉంటే నైట్ డ్యూటీ సిస్టరు వచ్చేదాకా డ్రెస్సింగ్ రూములో ఉంటాను, రండి.